చేమంతి యెవరిది?

పూవు ఎవరిదను ప్రశ్న మొదట వినుటకు పిల్లల తగవువలె తోచును. పెరటిలో పూచినది ఇంటివారిది, అంగడిలో కొన్నది కొన్నవారిది, కోవెలలో నుంచినది దేవునిది. ఇంతకుమించి విచారింపవలసిన దేమున్నదని చదువరు లనవచ్చును. కాని కర్నూలు, కడప సీమలలోని యిండ్ల వాకిళ్లలో కార్తికము మొదలు సంక్రాంతివఱకు పూయు చేమంతిని గూర్చి యీ ప్రశ్న వేసికొన్నచో సమాధాన మంత సులభముగా దొరకదు. ఆ మొక్కకు నీరు మోసిన చేయి యొకరిది, ఆ పూవు పెట్టుకొను తల మఱియొకరిది. అందులో తప్పేమియు లేదు. ప్రీతితో నిచ్చిన పూవుకంటె అందమైన దేమున్నది? కాని నీరు మోసిన యా మనిషి తలకు ఆ పూవు తగదని, ఆమె నడుగకయే, ముందుగా నిర్ణయించి యుంచిన యిండ్లు నేటికిని గలవు. ఆమె భర్త గతించినవాడగుటయే యందుకు కారణము. ఈ నిర్ణయము న్యాయమా యని విచారింప దలచితిమి. అందుకు ముందు ఆ మొక్క యెట్టిదో, దానిని పెంచుట యెట్టి పనియో తెలిసికొనుట మంచిది. న్యాయము పూవులో నున్నదో లేదో గాని, దానిని పెంచు పనిలో మాత్రము కొంత యున్నదని మా నమ్మకము.

ఈ సీమలో పూలమొక్క యనునదే యొక ధర్మసందేహము. ఏటికి అటునిటుగా 700 మిల్లీమీటర్ల వాన. అదియు అడిగినపుడు రాదు, వచ్చినపుడు నిలువదు. 1876 మొదలు 1878 వఱకు నడచిన మహాక్షామమును ఇక్కడివారు ధాత కరవని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. 1871 నాటి జనాభా లెక్కలతో 1881 నాటి లెక్కలను పోల్చి చూచినచో కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగవవంతు జనము తక్కువైనట్లు తెలియును. తుంగభద్రమీద సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపవఱకు త్రవ్విన కాలువ, అనగా మనము కె.సి. కాలువ యనునది, అంతకు ముందే 1860 దాటిన యేండ్లలో ఒక ఆంగ్ల కంపెనీ పూనికతో తయారై యుండెను. నష్టముల పాలైన దానిని 1882లో ప్రభుత్వము కొనివైచినది. కాలువ పాఱిన నంద్యాల, మైదుకూరు ప్రాంతములలో వరి పండినది. కాలువకు రెండామడల దూరమున నున్న యూరికి మాత్రము చిరకాలము నీరనగా ఆడవారి తలమీది కడవయే. అట్టిచోట, తినుటకు గాని కట్టుటకు గాని పనికిరాని యొక పూవునకు నీరు పోయుట పాపము కాదా యని యడిగినవాడు మూర్ఖుడు కాడు. అతని ప్రశ్నను త్రోసివేయరాదు.

ఆ ప్రశ్నకు ఇల్లాండ్రు మాటతో గాక పనితో సమాధానము చెప్పిరి. చేమంతి త్రాగినది మొదటి నీరు కాదు, రెండవ నీరు. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితికి పోగా, కూరలు కడిగిన నీరు, కాళ్లు కడిగిన నీరు, స్నానపు నీరు పాఱు దారిని బట్టి అరటి, కనకాంబరము, చేమంతి నాటుట ఈ సీమలో వాడుక. ఒకమాఱు మనిషికి పనికివచ్చిన నీటిని మఱల పనికి దెచ్చు ఈ నేర్పును నేడు పట్టణములలో క్రొత్త శాస్త్రముగా బోధించుచున్నారు. బోధింపవలసినదే, కాని గురువు లెవరో మఱవరాదు. ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. పూర్వము పాత్రలు బూడిదతో తోమెడివారు. ఆ నీరు మితముగా పోసినచో మొక్కకు కీడు లేకుండెను. ఇప్పటి సబ్బుపొడి కలిసిన నీరు నిత్యమును పోసినచో నేల బిగిసికొని, ఆకుల యంచులు మాడును. ఆ నీటిని వేఱు దారిని పంపి, కూరలు కడిగిన నీటిని మాత్రమే చేమంతికి వదలవలెను.

చేమంతి మన దేశమున పుట్టినది కాదు. చీనాలో రెండువేల యేండ్లకు పైబడి పెంపుడు పూవై, అటనుండి జపానుకును, పిదప భూమియంతటికిని ప్రాకినది. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో దీనికి గ్రీకుమాటలతో బంగారుపూవని యర్థము వచ్చు పేరు పెట్టెను. ప్రొద్దుతిరుగుడు, బంతి, మన చేలగట్లమీది గడ్డిచేమంతి, ఇవన్నియు దీని చుట్టములే. ఈ కుటుంబమున కొక విశేషము గలదు. మనము ఒక పూవని యనుకొనునది ఒక పూవు కాదు. ఒక పీఠముమీద కూడి కూర్చున్న పూల సభ. నడుమ పసుపుబొడ్డులో నున్నవి సన్నని గొట్టములవంటి పూవులు. అంచున రేకులవలె కనబడున వొక్కొక్కటియు ఒక్కొక్క పూవే. అంచుపూలలో స్త్రీభాగము మాత్రమే యుండును, నడిమిపూలలో స్త్రీపురుష భాగములు రెండును ఉండును. ఒక చేమంతిని జడలో తుఱుముకొన్న పిల్ల, తనకు తెలియకయే, నూఱు పూవులను మోయుచున్నదన్నమాట.

నేల విషయమున ఈ సీమ రెండు విధములు. నంద్యాలవైపు నల్లరేగడి, కడపవైపు పెక్కుచోట్ల ఎఱ్ఱనేల. చేమంతి దాహమును సహించును గాని వేళ్లచుట్టు నీరు నిలుచుటను సహింపదు. కావున రేగడిలో నాటువారు ఇసుకయు, బాగుగా చివికిన పశువుల యెరువును కలిపి, నేలకంటె జానెడెత్తుగా మడి కట్టవలెను. లేనిచో శ్రావణభాద్రపదముల వానకే కాండము మొదట కుళ్లు పుట్టి, నిలుచున్న మొక్క నిలుచున్నట్లే వాడిపోవును. ఎఱ్ఱనేలలో ఆ భయము తక్కువ. అందులో పోసిన నీరు నిలువదు గనుక ఎరువు హెచ్చుగా వలయును. కుండలలో పెంచువారికి ఈ సీమలో మఱియొక చిక్కు గలదు. మన వాకిళ్లు కడపబండలతోను బేతంచెర్ల బండలతోను పఱచినవి. ఎండకు కాగిన బండమీద కుండ నుంచినచో లోపలి వేళ్లు ఉడికిపోవును. రెండు ఇటుకలెత్తి వానిపై కుండ నిలిపినచో క్రిందనుండి గాలియాడి మొక్క బ్రదుకును. ఇది చిన్నమాటయే గాని, ఎన్నో చేమంతులు ఈ చిన్నమాట తెలియకయే చచ్చినవి.

ఇక పెంపకము. చేమంతి బహువార్షిక వృక్షజాతి. అనగా ఒకసారి పూచి చచ్చునది కాదు. మాఘమాసము నాటికి పూత ముగియును. అప్పుడు ఎండిన కొమ్మలను నేలకు నాలుగు వ్రేళ్ల యెత్తున కోసివేయుదురు. చూచువారికి మొక్క చచ్చినట్లే యుండును. కొలది దినములలో మొదటిచుట్టు మట్టిని చీల్చుకొని పిలకలు వచ్చును. అసలు పని యిప్పుడు మొదలు. ఏలయన ముందున్నది చైత్రవైశాఖముల యెండ; నీడలోనే 40 డిగ్రీలు దాటు కాలము. ఆ రెండున్నర నెలలు తల్లిదుబ్బును చెట్టునీడకో, మిద్దెగోడ చాటునకో చేర్చి, తడి యారకుండ, అతిగా తడియకుండ కాపాడవలెను. అప్పుడు ఆ మొక్కలో చూచుటకేమియు నుండదు. మసకబాఱిన నాలుగాకులు, అంతే. ఇంటిలోని వారెవరును దానివంక చూడరు. దానిని మఱవనివా రెవరో వారే చేమంతి పెంచినవారు. నవంబరులో పూవు చూచి మెచ్చుకొన్నవారు కారు.

తొలకరి వానలు పడిన పిదప జూను, జూలై మాసములలో పిలకలను వేళ్లతో సహా విడదీసి, మొక్కకు మొక్కకు అడుగు దూరమున నాటుదురు. పిలకలు చాలనిచో లేతకొమ్మల కొనలను మూడు నాలుగు అంగుళములు కోసి, క్రింది యాకులు తీసి, తడియిసుకలో గ్రుచ్చినచో రెండు మూడు వారములలో వేళ్లు వచ్చును. నాటిన నెలదినములకు కొనలు త్రుంచవలెను. ఎదుగుచున్న మొక్క తల త్రుంచుటకు క్రొత్తవారికి చేయి రాదు. త్రుంచనిచో మొక్క సన్నని కోలవలె ఎదిగి నాలుగు పూవులు పూచి వాలిపోవును, త్రుంచినచో ప్రక్కకొమ్మలు విచ్చి గుబురై పందిరివలె పూచును. వేరుసెనగ చెక్కను మూడు నాలుగు దినములు నీటిలో నానవేసి, ఆ తేటను పలుచగా చేసి పక్షమున కొకసారి పోయవచ్చును. మొగ్గ రంగు చూపినంతనే మానవలెను. గాలికి వాలకుండ కందికట్టె లూతగా పాతుదురు. చలి మొదలగునపుడు లేతకొనలమీద నల్లని పేనుబంక మూగును. ప్రొద్దుటనే నీటిధారతో కడిగి, వేపగింజల కషాయమును చిలుకరించినచో చాలును, ఇంటి పెరటికి అంతకంటె విషము లక్కఱలేదు. క్రింది యాకులమీద నల్లమచ్చలు కనబడినచో ఆ యాకులను గిల్లి దూరముగా పాఱవేసి, నీటిని ఆకులమీద గాక మొదట మాత్రమే పోయవలెను.

చేమంతి యెప్పుడు పూయవలెనో వానను జూచి నిర్ణయించుకొనదు, చలిని మాత్రమే చూచియు గాదు. రాత్రిని కొలుచుకొని పూయును. పగలు కుఱుచయై రాత్రి దీర్ఘమైనప్పుడే దానికి మొగ్గ పట్టును. ఈ ధర్మమును 1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొదలగు మొక్కలయందు కనిపెట్టి ప్రకటించిరి, చేమంతి యాజాతిలోనిదే. కర్నూలులో జూను నెలాఖరున పగలు ఇంచుమించు 13 గంటలు; డిసెంబరులో 11 గంటల పైచిల్లర. ఈ రెండుగంటల వ్యత్యాసమును ఒక మూగ మొక్క లెక్కించుట వింతగాదా? వీధిదీపము క్రింద నాటిన చేమంతి పూయలేదని దిష్టి తగిలెనని కొందఱు చింతింతురు. తగిలినది దిష్టి కాదు, దీపము. మొక్కను గోడచాటునకు మార్చినచో తనంత తానే మొగ్గ తొడుగును. దీనినే యెఱిగి వాణిజ్యమునకు పెంచువారు కొన్నిచోట్ల రాత్రులు దీపములు వెలిగించి పూతను తమకు వలసిన పండుగకు జరుపుకొనుచున్నారు.

ఇంతవఱకు చెప్పినది అందఱు నెఱుగదగినది. తఱచుగా ఎవరును తలపని సంగతి యింకొకటి. విత్తనమువలన పుట్టిన మొక్క తల్లివంటిది కావచ్చును, కాకపోవచ్చును. పిలకవలన వచ్చినది అట్లు గాదు, అది తల్లియే. కడపలో నొక జేజి తన పుట్టింటినుండి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొన్న పిలకను నాటి, దాని పిలకను కూతు రత్తవారింటికి పంపి, ఆ కూతురు తన మనుమరాలి కిచ్చినచో, అన్ని వాకిళ్లలోను పూయుచున్నది ఒక్క ప్రాణమే. అయిదు తరములు గడచినను మొక్క మాఱలేదు. చేయి మాత్రము మాఱినది. పొలమునకు పట్టా యున్నది, ఇంటికి దస్తావేజు ఉన్నది, అవి చిరకాలము తండ్రినుండి కొడుకునకు నడచినవి. ఈ పిలక మాత్రము తల్లినుండి కూతునకు, వదినెనుండి మఱదలికి, ఇరుగమ్మనుండి పొరుగమ్మకు, రిజిస్ట్రారు కచేరీ గడప త్రొక్కకుండ నడచుచు వచ్చినది. స్త్రీలు స్త్రీలకు వ్రాతకోతలు లేక యిచ్చుకొన్న యాస్తి యేదైన నున్నదా యనినచో దీనిని చూపవచ్చును.

ఆ చేయి యెవరిదో ఇక చూతము. ఉమ్మడి సంసారములలో కోడండ్రు వంటయింటను, చేనిపనియందును ఉందురు; పిల్లలు బడికి పోవుదురు. పెరటిమొక్కలు అవ్వ పాలబడును. ఆ యవ్వ తఱచుగా భర్తను పోగొట్టుకొన్నదై యుండును. శుభకార్యములలో ముందుకు రావలదని చెప్పబడినవారికి పెరడే లోకమగుట సహజము. వేసవిలో తల్లిదుబ్బును నీడకు జరుపునది ఆమె. జూలైలో పిలకలు విడదీసి వీధిలోని వారికి పంచునది ఆమె. పేనుబంకను కడుగునది ఆమె. పూచిననాడు కోయునదియు ఆమెయే, అరటినారతో దండ కట్టునదియు ఆమెయే. దండ ముగిసిన పిదప కోడలికొక మూర, మనుమరాలికొక మూర, పటమునకొక మూర. తనకు లేదు. తనకు లేదని యెవరును చెప్పనక్కఱలేదు. ఆ మాట నలువదేండ్ల క్రిందట, పదియవనాడు, ఆమె తలనిండ పూలు పెట్టి, వెంటనే తీసివేసినప్పుడే చెప్పియుంచిరి.

అన్ని యిండ్లును ఇట్లున్నవని మేము చెప్పుట లేదు. ఈ సీమలో పెక్కు సేద్యపు కులములందు మారుమనువు పూర్వమునుండి గలదు. వానిలో కొందఱు నాలుగెకరములు హెచ్చు కొన్నంతనే ఆ వాడుక తమకు తక్కువతనమని యెంచి, అగ్రకులముల యాచారమును తెచ్చిపెట్టుకొనిరి. సంపదతో గౌరవము వచ్చుట సరియే. ఇంటి యాడువారి పూవులు తీసివేయుట గౌరవమునకు గుర్తగుట మాత్రము వింత లెక్క. చదువుకొన్న యిండ్లలో నేడు బొట్టు, గాజు వదలనివారును, పూవు పెట్టుకొనువారును గలరు. మంచిదే. కాని అట్టి యింటిలో సైతము పెండ్లిపందిరిలో హారతి పళ్లెము చేతికిచ్చు సమయమున చూడుడు. ఎవరిని దాటి పోవుదురో తెలియును.

ఈ యాచారములోని తర్కమును పరీక్షించి చూతము. వితంతువు చేయి పూవును కోయవచ్చును. కట్టవచ్చును. కడప చుట్టుపట్టుల బోరుబావుల క్రింద చేమంతి పండించు తోటలలో తెల్లవాఱకముందే మంచులో నడుము వంచి పూలు కోయు కూలివారిలో ఆమె యుండవచ్చును. బజారులో మూరలు కొలిచి అమ్మవచ్చును. ఆమె కోసిన పూవు, ఆమె కట్టిన దండ, ఆమె అమ్మిన మూర శుభమే. అదే పూవు ఆమె చేతినుండి ఆమె తలకు పోవు జానెడు దూరములో అశుభమగును. అశుభము చేతిలో నున్నచో పూవును ముట్టనీయరాదు. చేతిలో లేనిచో తలలో నెట్లు వచ్చినది? ఆచారమునకు ఆమె శ్రమతో పేచీ లేదు, ఆమె సంతోషముతోనే పేచీ.

పూవులోనే శుభాశుభము లున్నవందు రేని లోకమును చూడుడు. ఫ్రాన్సు దేశమున నవంబరు 1వ తేది సర్వసాధువుల పండుగనాడు సమాధులమీద నుంచుపూవు చేమంతియే. మొదటి మహాయుద్ధము 1918లో ముగిసిన పిదప ఈ యాచారము మిక్కిలి బలపడినది. అక్కడ విందునకు పోవు నతిథి చేమంతులు తీసికొని పోయినచో ఇంటివారు తెల్లబోవుదురు. అది భర్తను పోగొట్టుకొన్న స్త్రీ చేతిలో నుండవలసిన పూవు. జపానులో తెల్ల చేమంతి యంత్యక్రియలకు, పదునాఱు రేకుల చేమంతి చక్రవర్తి రాజముద్రకు. ఇంతదూర మేల? మన యూరిలో ఉదయము పెండ్లిపందిరికి కట్టిన పూవే సాయంకాలము పాడెమీద చల్లుదురు. శవమునకు తగిన పూవు, పెండ్లికూతునకు తగిన పూవు, దేవునకు తగిన పూవు, ఒక్క యామెకు మాత్రము తగనిదైనచో ఆ తగమి పూవునుండి వచ్చినది కాదని చెప్పుట కెక్కువ పాండిత్య మక్కఱలేదు.

దీనికి పెద్దలు చెప్పు సమాధానములలో గౌరవింపదగినది యొకటి గలదు. ఫలమును కోరక పని చేయుటయే యుత్తమధర్మము గదా. ఆమె పూవును కోరక మొక్కను పెంచుట ఆమె గొప్పతనము గదా యని వారందురు. నిజమే, ఆమె కోరకున్నచో గొప్పతనమే. కాని గీతలో ఆ బోధ యెవరికి చేయబడినది? రాజ్యము ముందున్న యర్జునునకు. ఫలమునకు అధికారము గలవాడు దానిపై ఆశ విడుచుట యోగము. ఫలము మొదలే లేదనిపించుకొన్నవానిని యోగియనుట పరిహాసము. చీనా కవి తావ్ యువాన్‌మింగ్, 427లో గతించినవాడు, రాజుకొలువు విడిచి పల్లెకు మరలి పేదఱికములో చేమంతులు పెంచుకొనెనని ప్రసిద్ధి. ఆయన విడిచినది ఆయనకున్నది. విడువుమని ఆయనను ఊరివారు నిర్బంధింపలేదు. త్యాగము ఒకరి బదులు మఱియొకరు చేయదగినది కాదు. మనము మన యవ్వల పేర చేసిన త్యాగములను వారి పుణ్యముగా లెక్క వ్రాసికొనుచున్నాము.

వేఱొకరు సంస్కర్తలలోనుండియే యడుగుదురు. పూవులు, బొట్టు, గాజులు ఇవి యన్నియు స్త్రీని బొమ్మగా చేయు సంకెళ్లు. వానిని వితంతువున కిమ్మని కోరుటకంటె అందఱును విడుచుట మేలు గాదా యని. ఈ వాదములో బలమున్నది. అలంకారమే స్త్రీ విలువయని చెప్పువారితో మాకు పొత్తు లేదు. పూవు పెట్టుకొనక నడచు యువతిని చూచి ముఖము చిట్లించువారిని గూర్చి మఱియొక వ్యాసము వ్రాయవచ్చును. కాని విడుచుటకు ముందు చేతిలో నుండవలెను. సుమంగళి పూవు మానినచో అది యామె యభిరుచి; వితంతువు మానినచో అది యామె గతి. ఒకే శూన్యమైన జడ ఇద్దఱిలో రెండు భాషలు మాటలాడుచున్నంత కాలము, విడుచుటను గూర్చిన బోధ ఇద్దఱికి సమానముగా చేయుట చెల్లదు.

చిన్నవిషయమునకు ఇంత రాద్ధాంత మేలయని యనువారును గలరు. పింఛను, వైద్యము, భూమి, ఇవి గదా ముఖ్యములు? ముఖ్యములే. వితంతు వివాహమును చట్టము 1856లో ఒప్పుకొన్నది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహమును చేయించిరి. 1937 నాటి చట్టము భర్త యాస్తిలో వితంతువునకు జీవితకాలపు హక్కునిచ్చినది. 1956 నాటి వారసత్వ చట్టము దానిని సంపూర్ణపు హక్కు చేసినది. కూతురికిని కొడుకుతో సమముగా పిత్రార్జితములో పాలిచ్చు సవరణను ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లోనే చేసినది. దేశమంతటికి అది 2005లో వచ్చినది. అనగా నాలుగెకరముల పొలము ఆమెకు సంపూర్ణముగా వచ్చి ఏడు దశాబ్దము లగుచున్నది. అణాయెత్తు పూవు ఇంకను రాలేదు. భూమి నిచ్చుటకు న్యాయస్థానము గలదు. పూవు నిచ్చుటకు ఇంటివారు తప్ప మఱి యెవరును లేరు. అందుచేతనే ఇది మావంటి గృహస్థుల పత్రికలో వ్రాయదగిన విషయమని తలచితిమి.

శ్రమ కలిసిన వస్తువునందు శ్రమించినవానికి హక్కు పుట్టునని ఆంగ్లేయుడు జాన్ లాక్ 1689 నాటి తన గ్రంథములో వాదించెను. మేము ఆ సూత్రమును పూర్ణముగా నంగీకరింపలేము. అది తోటకూలికి తోటను ఇప్పింపలేదు, వలసదొరలకు మాత్రము పరుల నేలలను సమర్థించుకొన నేర్పినది. పూవును గూర్చి మేమనునది అంతకంటె తక్కువ. పెంచినవారికే పూవు చెందవలెనని గాదు. పెంచినవారిని త్రోసిరాజని పూవు పంచుకొనరాదని. పూవు ఆమెది కాకపోవచ్చును. ఎవరికీయవలెనో చెప్పు మాట ఆమెది. ఆ ఈయదగినవారిలో తానును ఒకతె.

మొక్కను చూచి మనుష్యులకు నీతి చెప్పు వాడుక మనలో గలదు. చేమంతిని మొదటికి కోసినను చిగుర్చును గావున స్త్రీయు నట్లే సహించి చిగుర్పవలెనని ఒక యుపన్యాసకుడు చెప్పుట కవకాశమున్నది. అట్టి పోలిక మాకు సమ్మతము కాదు. చేమంతిని కోయువాడు దానికి నీరు పోయును, నీడ నిచ్చును. మఱల పూచునని యెదురుచూచును. మనిషిని కోసి, మఱల పూయరాదని నియమము పెట్టి, సహనమును మెచ్చుకొనుట తోటపని కాదు.

పొరుగువారి నడతయు చూడదగినది. కర్నూలు, కడపలలో ముసల్మానులు మన గోడ ప్రక్కవారు. వారి ధర్మమున భర్త గతించిన స్త్రీకి నాలుగు నెలల పది దినములు నియమకాలము. అంతవఱకు అలంకారము మానుట విధి. గడువు తీఱినపిదప అలంకరించుకొనుటకును, మఱల వివాహమాడుటకును స్వేచ్ఛ గలదు. దుఃఖమునకు హద్దు పెట్టిన యీ పద్ధతిలో వివేకమున్నది. కడప పెద్దదర్గాకు హిందువులు పోవుదురు. ఉగాదినాడు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరుని గుడికి ముసల్మానులు వత్తురు. పూలబజారులో ఒకే బుట్టనుండి ఇరువురును కొందురు. ఇన్ని యిచ్చిపుచ్చుకొనుచు ఆ యొక్క వివేకమును మాత్రము మన మింటికి తెచ్చుకొనకపోతిమి. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ్ అను గ్రామము 2022 మే మాసములో, వితంతువుల బొట్టు చెఱపుట, గాజులు పగులగొట్టుట మొదలగు నాచారములను మానవలెనని గ్రామసభలో తీర్మానించినది. ఆ నెలలోనే యా రాష్ట్రప్రభుత్వము తక్కిన గ్రామములును ఆ త్రోవ త్రొక్కవలెనని సూచించినది. తీర్మానమువలన తలలు వెంటనే పూయవు. కాని ఒక యూరు నలుగురిలో నోరు తెఱచి ఈ మాట యనుట తేలిక కాదు.

మన యిండ్లలో చేయదగినది చాల కొంచెము. నలువదేండ్లు పూవు లేక గడపిన ముసలియవ్వ జడలో ఒకనాడు పదిమంది యెదుట బలవంతముగా పూవు తుఱిమి ఛాయాచిత్రము తీయించుట సంస్కారము కాదు. అది రెండవమాఱు ఆమె నడుగకుండ చేసిన పని. ఆమె వలదనవచ్చును. అలవాటు ఎముకలలోనికి పోయినది; దానిలో పోయినవాని జ్ఞాపకమును గలదు; వలదనుటకు ఆమె కారణము చెప్పనక్కఱయు లేదు. దండ కట్టి ముగించినపుడు మొదటి మూరను కోసి, కోడలికంటె ముందు, మనుమరాలికంటె ముందు, ఆమె ముందుంచవలెను. మాట యేమియు అనవలదు. ఆమె తీసికొని మనుమరాలికిచ్చినచో అది ఇప్పుడు నిజముగా ఆమె యిచ్చినదగును. పెట్టుకొన్నచో వీధిలోనివారు చూచినపుడు ఇంటివారు తలుపు వేయకుండుటే వారి పని. ఏమియు చేయక పళ్లెములో నుంచుకొన్నను సరియే. చేమంతి మల్లెవంటిది కాదు. తడిగుడ్డ కప్పి చల్లనిచోట నుంచినచో రెండుమూడు దినములు వాడదు. ఆలోచించుకొనుటకు ఆమెకు వ్యవధి యున్నది.